వెదుళ్ళవలస గ్రంథాలయానికి ర్యాంపు కట్టిన వైనం

వెదుళ్ళవలసలో గౌరన్న, పోలన్న, సన్నాసి అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. తాపీపని చేసేవారు. తమకున్నంత తెలివి ఊళ్ళో ఇంకెవరికీ లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం. "చెప్పిన మాటని చెప్పినట్టు అర్థం చేసుకోవాలంటే ఎంత బుర్ర కావాలి!" అని టీకొట్టు దగ్గర గౌరన్న అనేవాడు. తమ్ముళ్ళిద్దరూ తలలూపేవారు.

ఆ ఊరి గ్రంథాలయానికి కుసుమ అని కొత్త లైబ్రేరియన్ వచ్చింది. ఆవిడ నడవలేదు, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. పరీక్షలు రాసి, నాలుగేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న ఉద్యోగం. తీరా వచ్చి చూస్తే గుమ్మం ముందు నాలుగు మెట్లు! నెలాఖరులోపు లోపలికెళ్ళి సంతకం పెట్టకపోతే ఉద్యోగం వేరేవాళ్ళకి పోతుంది.

సర్పంచి అన్నదమ్ముల్ని పిలిచి, "మేడమ్‌గారి కుర్చీ లోపలికెళ్ళాలి. ఆ ఏర్పాటు చూడండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అంతే. ముగ్గురూ కుసుమని ఎత్తి వేపచెట్టు కింద చాప మీద కూర్చోబెట్టారు. కుర్చీని మోసుకెళ్ళి లోపల పెట్టి వచ్చారు.

"వెళ్ళిందండి!" అన్నాడు గౌరన్న, చేతులు దులుపుకుంటూ.

"మరి నేను?"

"మీ సంగతి సర్పంచిగారు చెప్పలేదండి."

కుసుమ కోపం దిగమింగుకుంది. కుర్చీ తెప్పించుకుని కూర్చుని, "చూడండి, నేను మెట్లు ఎక్కలేను. ఎక్కే పని లేకుండా చెయ్యండి" అంది.

ఇంకేముంది! మర్నాడు వచ్చేసరికి మెట్లు లేవు. వాటి చోట పెద్ద గొయ్యి, గోతిలోకి తొమ్మిది కొత్త మెట్లు.

"ఎక్కే పనే లేదు మేడమ్, అన్నీ దిగడమే!" అన్నాడు పోలన్న.

"దిగి ఎక్కడికి వెళ్ళాలయ్యా?"

ముగ్గురూ గోతిలోకి తొంగిచూశారు. సన్నాసి గడ్డం గోక్కుని, "అక్కడిదాకా మీరు చెప్పలేదండి" అన్నాడు.

గొయ్యి పూడ్పించి, కుసుమ ఈసారి లెక్కతో సహా చెప్పింది. "వాలుగా దారి కట్టండి. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు రావాలి."

"ఎవరి అడుగులు?" అన్నాడు పోలన్న, ఆవిడ వెళ్ళాక. చెప్పలేదుగా! ఎదురుగా కోడిపెట్ట పోతోంది. దాన్ని తోలి, పన్నెండు అడుగులు వెయ్యగానే ఆపి, అక్కడ గీత గీశారు. దారి కట్టారు. దారి కాదది, జారుడుబల్ల! కుసుమ దాన్ని చూసి, "ముందు మీలో ఒకరు కూర్చుని చూడండి" అంది. పోలన్న సరదాపడి ఓ పాత కుర్చీకి చక్రాలు బిగించుకుని పైనుంచి వదిలాడు. రోడ్డు దాటి, పనసకాయల బండిని గుద్ది, చేతిలో ఓ పనసకాయతో లేచాడు.

ఆ వెనకే లోపలి పనులు. "మోకాళ్ళు దూరేలా బల్ల చెయ్యండి" అంటే బల్లకి గుండ్రంగా రెండు కన్నాలు పెట్టారు. "బాత్రూములో పట్టుకోడానికి గట్టిగా ఏదైనా ఉండాలి" అంటే రెండు ఇటుకలు పెట్టారు, చేతికొకటి.

కుసుమకి ఏడుపొచ్చినంత పనైంది. నెలాఖరుకి ఇక వారమే మిగిలింది. మర్నాడు పొద్దున్నే డబ్బాడు ముగ్గుపిండి, టేపు పట్టుకొచ్చింది. "ఇక నేను ఒక్క మాట మాట్లాడను. గీసిన చోట కట్టండి, అంతే" అని, కుర్చీలోంచి వంగి గుమ్మం రెండడుగుల ఎత్తుకి సరిపడా తనే ఇరవైనాలుగడుగుల గీత గీసింది. చేత్తో పట్టుకునే కమ్మీలకి పక్క గోడమీద చుక్కలు పెట్టింది. మాటల్లేవు కాబట్టి అన్నదమ్ములకి తప్పు చెయ్యడానికి దారి దొరకలేదు. పని చక్కగా కుదిరింది.

నెలాఖరు రోజున కుసుమ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తన చక్రాలు తనే తిప్పుకుంటూ పైకెళ్ళింది. సంతకం పెట్టేటప్పుడు అక్షరాలు మసకబారితే ఆగి కళ్ళు తుడుచుకుంది. ఆ సంతోషంలో నోరు జారింది.

"మోటారుసైకిళ్ళు అడ్డం పెడతారేమో. 'ఈ దారి చక్రాల కుర్చీలకే' అని బోర్డు రాసి పెట్టండి."

మర్నాడు వచ్చేసరికి అన్నదమ్ములు ముగ్గురూ పై వరండాలో డొక్కలు పట్టుకుని కూర్చున్నారు.

"ఇంటికెళ్ళలేదా?"

"ఎలా దిగుతాం మేడమ్?" అన్నాడు గౌరన్న. "చక్రాల కుర్చీలకే అని రాసుంది. మాకు చక్రాలేవి?"

"రాసింది మీరేగా!"

"మేమేనండి. రాశాక చదివాం."

ఎంత చెప్పినా వినలేదు. చివరికి కుసుమ తన బల్ల దగ్గర వేరే కుర్చీలోకి మారి, "నా కుర్చీలో ఒక్కొక్కళ్ళే దిగి వెళ్ళండి" అంది.

గౌరన్న దిగాడు. "అన్నియ్యా, కుర్చీ పంపు!" అని తమ్ముళ్ళు అరిచారు. దాన్ని నెట్టుకుంటూ ఎక్కుదామంటే నడవకూడదాయె. అంచేత కుర్చీలో కూర్చునే పైకి తెచ్చిచ్చాడు. తర్వాత పోలన్న దిగాడు. తనూ అలాగే తెచ్చిచ్చాడు. తర్వాత సన్నాసి. మళ్ళీ గౌరన్న.

సాయంత్రం గ్రంథాలయం మూసి, కుసుమ తన కుర్చీ తను తీసుకుని దిగిపోయింది. వరండాలో ముగ్గురూ మిగిలారు, అరచేతులు బొబ్బలెక్కి.

"టైము చాల్లేదు అన్నియ్యా," అన్నాడు సన్నాసి. "రేపు పెందలాడే మొదలెడదాం."