ఎద్దు బయట పెట్టిన పొయ్యి

చింతలగొంది అడవిలో వాగు దాటగానే ఒక సంత వీధి ఉంది. దారికి రెండు వైపులా గుహలు, గుహకొక కొట్టు. ఎలుగుబంటి తేనె అమ్మేది, ముంగిస మూలికలు అమ్మేది. నడి వీధిలో ఎద్దు పోలన్నది గుగ్గిళ్ళ కొట్టు. ఉలవలు మెత్తగా ఉడికించి, ఉప్పు చల్లి, ఆకు దొన్నెల్లో పోసి ఇచ్చేవాడు. ఆ వాసనకి అవతలి గట్టు జింకలు కూడా వాగు దాటి వచ్చేవి.

ఆ వీధిలో పత్రాలూ పట్టాలూ లేవు. ఏ గుహలో ఎవరి నిప్పు మండుతుంటే ఆ గుహ వాళ్ళది. తాతల నాటి కట్టుబాటు అది.

ఒక ఏడు దగ్గు జబ్బు వచ్చింది. గుహల్లో గుంపుగా కూర్చుని తిన్నవాళ్ళంతా దగ్గుతూ మంచాన పడ్డారు. వీధి పెద్ద ఏనుగమ్మ మామూలు రోజుల్లో దారి మీద గంప పెట్టినా ఊరుకునేది కాదు. అలాంటిది ఆవిడే వచ్చి చెప్పింది.

"లోపలికి ఎవర్నీ రానివ్వకండి. దారి మీద పందిళ్ళు వేసుకుని అమ్ముకోండి. ఈ జబ్బు పోయేదాకా నేనేమీ అనను."

అందరూ పందిళ్ళు వేశారు. వేసినా, లోపల గుప్పెడు నిప్పు ఆరకుండా చూసుకున్నారు. పోలన్న మాత్రం పొయ్యి మొత్తం పెళ్ళగించి బయట పెట్టేశాడు.

"లోపల కాస్త నిప్పు ఉంచవయ్యా," అంది అతని భార్య గౌరమ్మ.

"రెండు పొయ్యిలకి కట్టెలెక్కణ్ణుంచి తెస్తామే? మన గుహ ఎవడెత్తుకుపోతాడు?" అన్నాడు పోలన్న.

జబ్బు పోయింది. పందిళ్ళు పోలేదు. పోకపోగా పెరిగాయి. ఎలుగుబంటి ముందుకి ఒక రాట జరిపితే ముంగిస రెండు జరిపింది. చివరికి దారిలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదిగి నిలబడాల్సి వచ్చేది. ఎండాకాలంలో వీధి చివర ఎండుగడ్డి అంటుకుంది. తొండాల నిండా నీళ్ళతో పరుగెత్తుకొచ్చిన ఏనుగులు పందిళ్ళ మధ్య ఇరుక్కుపోయాయి. పోలన్న తన రాటలు తనే కొమ్ములతో పీకి దారి ఇచ్చాడు గానీ, అప్పటికే ఆ గడ్డిలో ఉన్న కుందేలు పిల్లలు కాలిపోయాయి. ఆ రోజు నుంచి పోలన్నకి ముద్ద దిగలేదు. ఏనుగులు వెళ్ళాక పందిరి మళ్ళీ వేసుకున్నాడు, వేసుకున్నందుకు సిగ్గుపడ్డాడు కూడా.

ఇక నక్క సాంబయ్య సంగతి. అతనికి కొట్టు లేదు. ఏనుగమ్మ మాటని వీధిలో దండోరా వెయ్యడమే అతని పని. ఏ ఆజ్ఞ రాబోతుందో అందరికన్నా ముందు అతనికి తెలిసేది. మంట ఆరిన మర్నాడే పోలన్న దగ్గరికి వచ్చాడు.

"బావా, నాలుగు చేపలు పట్టాను. పొగ పెట్టకపోతే పురుగు పడతాయి. నీ గుహ ఖాళీయే కదా, ఓ మూల చిన్న కుంపటి పెట్టుకోనా?"

పోలన్న మనసంతా కుందేలు పిల్లల మీదే ఉంది. "ఆ మాత్రానికి అడగాలా బావా. పెట్టుకో," అన్నాడు.

ఆ కుంపటి ఆరలేదు. సాంబయ్య ఆరనివ్వలేదు. వారం తిరక్కుండానే తనే డప్పు కొట్టుకుంటూ వచ్చాడు. పందిళ్ళన్నీ తీసెయ్యాలి, పాత కట్టుబాటే మళ్ళీ అమలు, గుహ లేనివాళ్ళు వీధిలో అమ్మకూడదు.

దాని మీద ఏనుగమ్మ పెట్టిన సభలో ఎలుగుబంటి గొణిగింది. ముంగిస ఇంకో వేసవి దాకా గడువు అడిగింది. పోలన్న లేచి నిలబడ్డాడు.

"పిల్లలు కాలిపోయారు. ఇంకా గడువేంటి? ముందు నా పందిరే తీస్తాను."

సాంబయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

అన్నట్టే పోలన్న అందరికన్నా ముందు పందిరి తీసేసి, ఉలవల కుండ వీపు మీద పెట్టుకుని గుహకి వెళ్ళాడు. గుమ్మంలో సాంబయ్య కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"జరుగు బావా, పొయ్యి లోపల పెట్టాలి."

"లోపల ఒక నిప్పు మండుతోంది కదా బావా."

"అది నీ చేపల కుంపటి."

"నా కుంపటే. నా నిప్పే. మరి గుహ ఎవరిది?"

"నువ్వు అడిగితేనే కదా పెట్టుకోనిచ్చాను," అన్నాడు పోలన్న.

"ఇచ్చావు. లేదన్నానా? పాత కట్టుబాటు రావాలని సభలో ముందు లేచిందీ నువ్వే."

ఏనుగమ్మని పిలిచారు. ఆవిడ లోపలికి తొండం చాచి చూసింది.

"పోలన్నా, నువ్వు ఇక్కడ నిప్పు పెట్టి ఎన్నాళ్ళయింది?"

"జబ్బు వచ్చిన దగ్గర్నుంచీ లేదమ్మా. మీరే బయట పెట్టమన్నారు."

"బయట అమ్ముకోమన్నాను. లోపల ఆర్పెయ్యమనలేదు." ఆవిడ గొంతులో కోపం లేదు. "నీకోసం ఈ కట్టుబాటు తప్పిస్తే, రేపు పులి వచ్చి ఏ గుహైనా నాదే అంటుంది. అప్పుడు దేన్ని చూపించి ఆపను?"

"పోనీ, దారి పక్కన ఓ మూలైనా..."

"ఆమెని అడుగు."

పోలన్న తల తిప్పాడు. కుందేలు తల్లి అక్కడే నిలబడి ఉంది. పోలన్న కుండతో వెనక్కి తిరిగాడు.

నాకైతే ఇది రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది. ఏనుగమ్మ తప్పు చేసిందా అంటే లేదు. దారి ఖాళీ చెయ్యకూడదా అంటే చెయ్యాలి. ఇందరి వైపు న్యాయం ఉన్నాక పోలన్నకి మిగిలింది కుండ ఒక్కటే.

సాయంత్రం దారి ఖాళీ చెయ్యడానికి ఏనుగమ్మ పంపిన అడవి పందులు వచ్చి బయటి పొయ్యిని మూతులతో పెళ్ళగించి వాగులో పారేశాయి. పొద్దు వాలే వేళకి సాంబయ్య వచ్చాడు.

"బావా, ఉలవలు ఉడికించడం నాకు చేతకాదు. వచ్చి ఉడికించు. నువ్వూ గౌరమ్మా తినడానికి లోటు రానివ్వను."

అతను వెళ్ళాక గౌరమ్మ అంది. "వాడి నిప్పు మీద మన ఉలవలు ఉడికిస్తావా?"

"మనకి ఇంకెక్కడ నిప్పుందే?" అన్నాడు పోలన్న.

మర్నాడు అవతలి గట్టు జింకలు వచ్చాయి. దారి విశాలంగా, శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాయి. దొన్నెలు అందుకుని తిని, "సాంబయ్య గారూ, మీ చేతి గుగ్గిళ్ళ రుచే వేరు," అన్నాయి. సాంబయ్య వినయంగా చేతులు జోడించాడు. లోపల పోలన్న పొగలో తల వంచుకుని మంట ఊదుతున్నాడు.

నీతి: కష్టకాలంలో ఇచ్చిన సడలింపు ఏదో ఒక రోజు పోతుంది; దాన్ని నమ్మి సొంత చోటు వదులుకున్నవాణ్ణి మంచి చట్టం కూడా కాపాడలేదు.