పట్టిన చెయ్యి

ఆ సాయంత్రం షిగెరుకి ఫుయుమి మొహం చూడబుద్ధి కాలేదు.

పదకొండేళ్లుగా ఇద్దరూ మంచు మీద జంటగా స్కేటింగ్ చేస్తున్నారు. హెల్సింకిలో ప్రపంచ పోటీలు. మొదటిరోజు అంతా సవ్యంగా సాగి, చివర్లో డెత్ స్పైరల్ అనే విన్యాసం దగ్గర చెడింది. అందులో అతను ఒకచోట నిలదొక్కుకుని గిర్రున తిరుగుతాడు. ఆమె అతని చెయ్యి ఒక్కటే ఆధారంగా వెల్లకిలా వాలి, జుట్టు మంచును రాసేంత కిందుగా అతని చుట్టూ తిరగాలి. ఫుయుమి సగంలో బిగుసుకుపోయి జారిపడింది. మూడో స్థానం ఖాయమనుకున్నవాళ్లు ఏడో స్థానానికి దిగిపోయారు. ఈ పోటీతో ఆట చాలిద్దామని ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారు. ఇంకో ఏడాది లేదు.

షిగెరు తమ గురువు ఒగాటా దగ్గరికి వెళ్లి చాలాసేపు చెప్పుకున్నాడు. తన అడుగులో తప్పు లేదని, పట్టులో తప్పు లేదని, లోపమంతా ఆమె భయంలోనే ఉందని.

"రేపటిలోగా ఆ భయం పోగొట్టండి, గురువుగారూ."



మర్నాడు పొద్దున సాధనకి ఒగాటా స్కేట్లు కట్టుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి. మోకాలికి ఆపరేషన్ అయ్యాక మంచు మీదికి రావడం అదే మొదటిసారి. ఒకప్పుడు ఆయనా జంట స్కేటరే. నెమ్మదిగా వచ్చి షిగెరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఇవాళ నువ్వు కిందికి వాలు."

షిగెరు కాదనలేక వాలాడు. ఇద్దరూ మెల్లగా తిరిగారు. సగానికి దిగేసరికి అతనికి నేల కనిపించకుండా పోయింది. పైకప్పు దీపాలు గిర్రున తిరుగుతున్నాయి. కదలకుండా ఉన్నది ఒక్క గురువుగారి మొహమే.

అప్పుడు ఒగాటా తల తిప్పి, న్యాయనిర్ణేతల ఖాళీ కుర్చీల వైపు చూశాడు.

షిగెరు ఒళ్లు కొయ్యబారింది. కాలు జారింది. వీపు మంచుకి తగిలింది.

"చెయ్యి వదిలానా?"

"లేదు."

ఇంకేమీ అడక్కుండా ఒగాటా రింకు గట్టు వైపు వెళ్లిపోయాడు.

షిగెరు లేచి చూస్తే ఎదురుగా ఫుయుమి. అంతా చూసినట్టే ఉంది. అతను దగ్గరికి వెళ్లాడు.

"నేనూ అలా చూస్తానా?"

ఆమె తల ఊపింది.

"ఎప్పట్నుంచి?"

"మనకి పతకాలు రావడం మొదలైనప్పట్నుంచి."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెయ్యి వదల్లేదు కదా."



ఆ రోజు చివరి ఆటలో, డెత్ స్పైరల్ వచ్చినప్పుడు, అతను ఫుయుమి కళ్లలోకే చూస్తూ తిరిగాడు. జనం చప్పట్లు కొట్టారట. అతనికి వినపడలేదు. ఆమె మంచును రాసుకుంటూ తేలిగ్గా రెండు చుట్లు తిరిగి పైకి లేచింది.

ఆ తర్వాతి గెంతులో షిగెరు పడ్డాడు. ఎన్నేళ్లుగానో తప్పని గెంతు. మోచేతుల మీద పడి, సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. సంగీతం ముందుకి పోతోంది. కళ్ల ముందు ఒక జత స్కేట్లు ఆగి ఉన్నాయి. ఫుయుమి ఎటూ చూడకుండా అతని వైపే చూస్తూ చెయ్యి చాపింది. ఆ చెయ్యి అందుకుని లేచాడు. మిగిలిన ఆట ఇద్దరూ పూర్తి చేశారు.

ఐదో స్థానం వచ్చింది. పతకం లేదు.

గట్టు దగ్గర ఒగాటా ఇద్దరికీ కోట్లు అందించాడు. రేపు ఉదయం ఆరింటికి సాధన రింకు మాట్లాడి ఉంచానని, ఇద్దరూ రావాలని చెప్పాడు.

"పోటీ అయిపోయింది కదా, గురువుగారూ," అన్నాడు షిగెరు.

"అయిపోయింది. ఇక ఆ కుర్చీల వైపు చూసే పని లేదు. అందుకే రమ్మంటున్నాను."