తెర ముందుకొచ్చిన దండోరా

అనగనగా ఏటి ఒడ్డున వెలగపురమని ఒక రాజ్యం. దేవుడు చల్లగా చూడబట్టి అక్కడ పంటకు లోటు లేదు, పాడికి లోటు లేదు. లోటల్లా ఒక్క మాటకే.

అది ఎలా వచ్చిందో చెబుతాను, వినండి.

ఆ రాజుగారి ముత్తాతకు ఒక శీతాకాలంలో గొంతు పూడుకుపోయింది. మాట్లాడితే పిల్లికూన అరిచినట్టు ఉండేదట. సభలో ఎవరైనా నవ్వుతారేమోనని ఆయన సింహాసనం ముందు పట్టుతెర కట్టించాడు. లోపల నుంచి మంత్రి చెవిలో ఆయన చెబితే, మంత్రి పైకి చెప్పేవాడు. నెల తిరక్కుండా గొంతు బాగయింది. తెరను మాత్రం ఎవరూ తీయలేదు. ముత్తాత పోయాడు, తాత పోయాడు, తండ్రి పోయాడు. తెర ఉండిపోయింది. అలా ఉండడమే రాచమర్యాద అని అందరూ అనుకున్నారు.

మన కథ నాటికి ఆ తెర వెనక ఉన్నది రత్నాంగదుడనే రాజు. మంచివాడే. కాకపోతే రాజు ఏం చేస్తున్నాడో జనానికి తెలియదు, జనం ఏం పడుతున్నారో రాజుకు తెలియదు. మధ్యలో మంత్రి గుణశర్మ.

తెరకు ఇవతల నిలబడేవాడు ఈరప్ప. దండోరా వేయడం అతని వృత్తి. లోపల నుంచి మంత్రి ఏ మాట పలికితే ఆ మాట మోసుకుపోయి, ఊళ్ళో అయిదు కూడళ్ళలో డప్పు కొట్టి చాటాలి. ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అని అడగకూడదు. అది కట్టడి. ఈరప్ప తండ్రి అడగలేదు. ఈరప్పా అడగలేదు.

ఒక వేసవిలో పడమటి వంతెన దూలాలు కదులుతున్నాయని బండివాళ్ళు గోల పెట్టారు. తెర వెనక నుంచి మాట వచ్చింది. ఈరప్ప చాటాడు.

"వంతెన భేషుగ్గా ఉందహో! నిశ్చింతగా బండ్లు తోలుకోండహో!"

మూడో రోజున ఒక బండి ఎద్దులతో సహా ఏట్లో పడింది. బండి తోలే ముసలాయన కాలు విరిగింది.

తొలకరి పడ్డాక పశువులకు గాలికుంటు తగిలింది. మళ్ళీ మాట వచ్చింది. ఈరప్ప చాటాడు.

"పశువులకు ఏ జబ్బూ లేదహో! సంత ఎప్పటిలాగే జరుగుతుందహో!"

నమ్మి సంతకు తోలుకుపోయినవాళ్ళు జబ్బును వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. ఆ నెలలో ఎన్ని కొట్టాలు బోసిపోయాయో!

ఆ వెనక రాజుగారికే జ్వరం వచ్చింది. పదకొండు రోజులు మంచం దిగలేదు. "ప్రభువులు కులాసాగా ఉన్నారహో!" అని ఈరప్ప చాటాడు. వైద్యుడి ఇల్లాలు నీళ్ళరేవులో నోరు జారింది. అసలు సంగతి తెలిశాక జనానికి కోపం కంటే బాధే ఎక్కువైంది.

"అయ్యో, చెబితే ఏం పోయేది? తలా ఒక కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టుకునేవాళ్ళం కదా!"

అంతే. ఆనాటి నుంచి దండోరా అంటే అబద్ధం అని స్థిరపడిపోయింది. పిల్లలు ఆటలో తొండి చేసినవాణ్ణి "నువ్వు ఈరప్పవిరా!" అనేవాళ్ళు. ఈరప్ప భార్య గంగులు మజ్జిగ అమ్మేది. ఆమె కూడా వదిలేది కాదు.

"ఏం మావా, ఇవాళేం చాటావు?"

"వాన రాదని."

"అయితే గొడుగు తీసుకుపోతాను."

ఈరప్ప నవ్వేవాడు. నవ్వినా ఆ పూట అన్నం సయించేది కాదు.

దండోరాను నమ్మని జనం కబురు లేకుండా ఉంటారా? ఉండరు. బజారు మలుపులో ముక్కుపొడుం అమ్మే పుల్లయ్య ఉన్నాడు. పొడుం కొన్నవాళ్ళకు ఒక కబురు కొసరు వేసేవాడు. ఎవరు ఏది వినాలనుకుంటే వాళ్ళకు అదే చెప్పేవాడు. రైతు వస్తే రైతుకు నచ్చేది, వర్తకుడు వస్తే వర్తకుడికి నచ్చేది. తుమ్ముతో పాటు కబురు కూడా హాయిగా ఉండేది. జనం పుల్లయ్య చుట్టూ మూగారు.

ఇలా ఉండగా శ్రావణం వచ్చింది. కొండల్లో ఏడు రోజులు ఏకధారగా వాన. ఏరు నిండింది. ఏటికీ ఊరికీ మధ్యనున్న కరకట్ట అడుగున బుంగ పడి నీళ్ళు కారసాగాయి. కట్ట కాపలాదారు ముత్తడు పరుగున వచ్చి మంత్రికి చెప్పాడు.

గుణశర్మ లెక్క వేసుకున్నాడు. కట్ట తెగితే ముందు మునిగేది పల్లపువీధి. అక్కడ మూడు వందల గడపలు. ఈసారి దాచిపెడితే ప్రాణాలు పోతాయి. అందుకని తెర వెనక నుంచి మొట్టమొదటిసారిగా ఉన్నదున్నట్టు మాట వచ్చింది.

"కట్ట తెగేలా ఉందహో! పల్లపువీధి వాళ్ళు మెరకకు తరలిపోండహో!"

జనం విన్నారు. విని పకపకా నవ్వారు.

పుల్లయ్య డబ్బీ మూత తీసి, "వెర్రి మాలోకమా! ఏనుగుల సాలకు చోటు చాలడం లేదట. మీరు ఇళ్ళు వదిలితే ఆ చోటంతా కోటవాళ్ళదే. కదలకండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

ఈరప్ప కూతురు చెంచమ్మ కాపురం ఆ వీధిలోనే. మూడు నెలల పసిబిడ్డ ఆమె ఒళ్ళో. ఈరప్ప గుమ్మంలో నిలబడి బతిమాలాడు. "అమ్మా, బిడ్డను తీసుకుని రా తల్లీ. ఈసారి నిజమే."

లోపల నుంచి అల్లుడు ఓబులేసు వచ్చాడు. "మావా, వంతెన అప్పుడూ నిజమే అన్నావు. మా గేదెను సంతకు తోలమన్నప్పుడూ నిజమే అన్నావు. ఇది కూడా ఆ నిజమేనా?"

 ఈరప్ప కూతురి వంక చూశాడు. చెంచమ్మ తల దించుకుంది. "నాన్నా, నువ్వు కట్టను చూశావా?" అని మాత్రం అడిగింది.

చూడలేదు. చూడడం అతని పని కాదని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

తిరిగి వెళ్ళి డప్పు ఇంకా గట్టిగా కొట్టాడు. కొట్టి కొట్టి చేతులు బొబ్బలెక్కాయి. జనం తలుపులు వేసుకున్నారు. ఇక మంత్రి భటులను పంపాడు. కర్రలతో భటులు రాగానే పల్లపువీధి రోళ్ళూ మంచాలూ అడ్డం పెట్టింది. "చూశారా, నేను చెప్పలే?" అన్నాడు పుల్లయ్య. భటులు తిట్లు తిని వెనక్కి వచ్చారు.

అప్పుడు ఈరప్ప కరకట్ట మీదికి నడిచాడు. అతని తాత ముత్తాతల్లో ఎవరూ చేయని పని అది. ముత్తడు అతనికి రెండు ముంతలు చూపించాడు. "ఇది మొన్న బుంగలోంచి పట్టిన నీళ్ళు. ఇది ఇవాళ్టిది. మొన్న తేటగా ఉంది. తేట నీళ్ళు కారితే కట్టకు చెమట పట్టిందనుకుంటాం. ఇవాళ ఎర్రగా ఉంది చూడు. అంటే లోపల మన్ను కోసుకుపోతోంది."

ఈరప్ప ఆ ఎర్రనీళ్ళలో వేలు ముంచి చూసుకున్నాడు. మనవరాలు కళ్ళలో మెదిలింది. అక్కడి నుంచి తిన్నగా కోటకు పోయి, చెప్పులు విడిచి, ఇష్టదైవాన్ని తలుచుకుని, తెర పక్కకు లాగి లోపలికి వెళ్ళాడు.

గుణశర్మ కెవ్వున అరిచాడు. రాజు ఆశ్చర్యంగా చూశాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"తమరి నోరునండి ప్రభూ. ఇరవై ఏళ్ళుగా తమరి మాట చాటుతున్నాను. తమరు నన్ను చూడడం ఇదే మొదలు."

"ఏం కావాలి?"

"పల్లపువీధి మునగబోతోంది. నిజం చెబుతున్నా ఎవరూ నమ్మడం లేదు. తప్పు వాళ్ళది కాదండి. వంతెన మాట, పశువుల మాట, తమరి జ్వరం మాట, మూడుసార్లు నమ్మి మోసపోయారు. తమరు తెర దాటి బయటకు రావాలి. ఆ మూడూ అబద్ధాలని తమరి నోటితో ఒప్పుకోవాలి. వాళ్ళు ఎవరిని నమ్ముతారో వాళ్ళనే కట్ట మీదికి పంపమనాలి. వెళ్ళినవాళ్ళు ఎక్కడ చూస్తామంటే అక్కడ చూపించాలి. ఏది అడిగితే దానికి జవాబు చెప్పాలి."

గుణశర్మ చేతులు జోడించాడు. "ప్రభూ, రాజు తప్పు ఒప్పుకుంటే ఇక కోటకు విలువేముంటుంది? జనం బెదిరిపోకూడదనే కదా నేను ఆ మాటలు పలికాను!"

 రాజు మంత్రిని అడిగాడు. "నాకు జ్వరం వచ్చినప్పుడు జనం ఏమన్నారు?"

గుణశర్మకు తెలియదు. ఈరప్ప చెప్పాడు. కొబ్బరికాయ మాట వినగానే రాజు కళ్ళు చెమర్చాయి. లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు.

పల్లపువీధి కూడలిలో, వాన తుంపరలో, రాజు నేల మీద నిలబడ్డాడు. వంతెన సంగతి, పశువుల సంగతి, తన జ్వరం సంగతి ఒక్కొక్కటే చెప్పి, "అవి అబద్ధాలు. నా పేరు మీద చాటారు. కాబట్టి తప్పు నాది" అన్నాడు.  జనంలోంచి ఎవరో ముసలమ్మ, "ఇంత బక్కగా ఉన్నాడేమే రాజు!" అంది.

తరువాత ఈరప్ప ముందుకొచ్చాడు. ఈసారి డప్పు కొట్టలేదు.

"అయ్యలారా, అమ్మలారా! కట్ట అడుగున ఎర్రనీళ్ళు కారడం నేను కళ్ళారా చూశాను. అది చూసిన మాట. కట్ట లోపల మన్ను కోసుకుపోతోందని ముత్తడు చెప్పాడు. అది విన్న మాట. ఎప్పుడు తెగుతుందో, అసలు తెగుతుందో లేదో నాకు తెలియదు. అది తెలియని మాట. మీరు నమ్మే ముగ్గురిని పంపండి. చూసి వచ్చి వాళ్ళే చెబుతారు."

దండోరా వేసేవాడి నోట "తెలియదు" అన్న మాట వెలగపురం అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

జనం గుసగుసలాడుకుని ముగ్గురిని ఎంచారు. నూనె కొలతలో చుక్క తేడా రానివ్వని గానుగ తాయారమ్మ ఒకరు. ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడని నేతగాడు భద్రుడు ఒకరు. మూడోవాడు పొడుం పుల్లయ్య.

"నేనెందుకులే, నాకు బేరం..." అని పుల్లయ్య నసిగాడు.

"ఏనుగుల సాల అన్నావుగా! రా నాయనా, ఏనుగులను చూసొద్దాం" అని తాయారమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

ముగ్గురూ కట్ట ఎక్కారు. అడిగిన చోటల్లా ముత్తడు గడ్డి పెరికి చూపించాడు. తాయారమ్మ తనే వంగి ముంతతో నీళ్ళు పట్టింది. ముందటి కంటే ఎర్రగా వచ్చాయి. భద్రుడు కట్టకు చెవి ఆనించి, "లోపల పారుతోంది" అన్నాడు. పుల్లయ్య డబ్బీ చేతిలోంచి జారి ఏట్లో పడింది. అతనికి అది తెలియనే లేదు.

తాయారమ్మ వీధికి వచ్చి ముంత పైకెత్తి ఒక్కటే మాట అంది. "పదండి."

పొద్దు వాలకముందే మూడు వందల గడపలూ మెరక మీదికి చేరాయి. చెంచమ్మ బిడ్డను చీరకొంగులో చుట్టుకుని తండ్రి పక్కన నడిచింది. భటులు ఈసారి కర్రలు పారేసి ధాన్యం బస్తాలు మోశారు.

మరునాడు కట్ట తెగలేదు. ఆ మరునాడూ తెగలేదు. తడిసిన చాపల మీద కూర్చున్నవాళ్ళలో సణుగుడు మొదలైంది. "ఇంటికి పోదామా?" అన్నారు కొందరు.

ఓబులేసు అడ్డుపడ్డాడు. "ఎప్పుడు తెగుతుందో తెలియదని మా మావ ముందే చెప్పాడు కదా! తెగదని చెప్పలేదే. కూర్చోండి."

కూర్చున్నారు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం, వాన వెలిసి ఎండ కాస్తుండగా, కట్ట భళ్ళున తెగింది. పల్లపువీధి చూస్తుండగానే నీళ్ళ కిందకు పోయింది. గోడలు పోయాయి, గాదెలు పోయాయి. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు. చెంచమ్మ బిడ్డ పాలు తాగి అమ్మమ్మ ఒళ్ళో నిద్రపోతోంది. జనం ఏటి వైపు తిరిగి దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. ఆ తరువాత ఈరప్ప వైపు తిరిగారు. అతను ఏడుస్తున్నాడు.

నీళ్ళు తీశాక రాజు అడిగాడు. "ఈరప్పా, అబద్ధపు కబుర్లు చెప్పిన ఆ పుల్లయ్యను ఏం చేయమంటావు?"

"ఏమీ చేయకండి ప్రభూ. మనం చెప్పకుండా ఖాళీ వదిలిన చోటే అతను నింపాడు. ఇకనుంచి ఖాళీ వదలకపోతే సరి."

గుణశర్మ మంత్రిగానే ఉన్నాడు. కాని వారానికి ఒకరోజు కూడలిలో అరుగు మీద కూర్చుని, ఎవరు ఏది అడిగినా జవాబు చెప్పాలన్నది కొత్త కట్టడి. మొదటి వారం ఆయన తల ఎత్తకుండానే జవాబులు చెప్పాడు. నెలకు అలవాటైంది. దండోరా వేసే ప్రతివాడూ చూసింది, విన్నది, తెలియనిది మూడూ విడివిడిగా చాటాలన్నది రెండో కట్టడి.

ఆ పద్ధతిలో వేసిన తొలి దండోరా ఇది. "రాజుగారి పట్టపుటేనుగు గొలుసు తెంపుకుందహో! ఇది చూసిన మాట. తోపు వైపు పోయిందట. ఇది విన్న మాట. ఇప్పుడెక్కడుందో తెలియదహో!"

ఆ మాట అందరూ నమ్మారు. చంటిపిల్లలున్నవాళ్ళు తలుపులు వేసుకున్నారు. ధైర్యమున్నవాళ్ళు చెరకుగడలు పట్టుకుని తోపుకు బయల్దేరారు. పొద్దు గుంకేలోపు ఏనుగు సాలకు చేరింది.

పిల్లలూ, తెలిసింది దాచకుండా, తెలియనిది తెలియదని చెప్పి, అడిగినవారికి చూపించే ఏలికనూ, అలాంటి వార్తనూ జనం నమ్ముతారు. ఆ నమ్మకమే ఆపదలో ప్రాణాలు కాపాడుతుంది.