యాభై మూడు సార్లు ‘తగ్గిందయ్యా’

ధమ్మిలుడికి ఒక అనుమానం పట్టుకుంది. అది పట్టుకున్నప్పటి నుంచి అతనికి భిక్షాన్నం కూడా సహించడం లేదు.

కృష్ణ ఒడ్డున కొండ మీద ఉన్న ఆ బౌద్ధ విహారంలో, ఇక నయం కాదని తేలిన రోగుల కోసం ఒక శాల ఉంది. దాన్ని చూసుకునేది నాగబోధి స్థవిరుడనే పెద్ద భిక్షువు. డెబ్బై దాటిన మనిషి, మాట తక్కువ. ధమ్మిలుడు ఆయన శిష్యుడు. ముప్పై ఏళ్ళయినా నిండలేదు కానీ, ఏ మందు ఏ బాధని ఎంత తగ్గిస్తుందో తేల్చి తాటాకుల మీదికి ఎక్కించాలని మహా పట్టుదల. చావుని ఆపే మందు కోసం అతను వెతకడం లేదు. పోయేలోపు మనిషి పడే యాతన ఎలా తగ్గుతుందన్నదే అతని పరిశోధన.

ఆ నెలంతా ఆయాసం తగ్గించే మందు మీద పడ్డాడు. శాలలో విధికుడనే ముసలి పడవవాడు ఉన్నాడు. కాళ్ళు వాచిపోయాయి. పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకి చేరగిలబడి కూర్చునే ఉంటాడు. అతని కోసం ధమ్మిలుడు అడ్డసరం ఆకూ పిప్పళ్ళూ వేసి ఒక కషాయం కాచాడు. పూటపూటా తాగించేవాడు. కాసేపాగి తలాపున కూర్చుని, "ఆయాసం ఎలా ఉంది?" అని అడిగేవాడు. జవాబుని అక్కడికక్కడే ఘంటంతో ఆకు మీద గీసి, గీతల్లో మసి పూసి, అది ఆరేదాకా ఆకుని అటూ ఇటూ ఊపేవాడు.

యాభై నాలుగు సార్లు అడిగాడు. మొదటిసారి విధికుడు "తగ్గలేదు" అన్నాడు. మిగతా యాభై మూడు సార్లూ "తగ్గిందయ్యా" అన్నాడు.

ఇంతకంటే ఏం కావాలి! ఎల్లుండి పౌర్ణమికి కొందరు భిక్షువులు పడవెక్కి ఎగువ విహారాలకి వెళ్తున్నారు. కషాయం వివరం రాసి వాళ్ళ చేతికిస్తే అక్కడి శాలల్లో ఆయాసపడే ప్రతి రోగికీ ఇదే పోస్తారు.

కానీ విధికుడి గోళ్ళు నీలంగానే ఉన్నాయి. మాటకీ మాటకీ మధ్య భుజాలు ఎగిరెగిరి పడుతూనే ఉన్నాయి.

ధమ్మిలుడు ఆకుల కట్ట పట్టుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు.

"భంతే, రోగి తగ్గిందంటున్నాడు. నా కంటికి తగ్గినట్టు లేదు. దేన్ని నమ్మను? అతని మాటనా, నా కళ్ళనా?"

నాగబోధి లేచి వెళ్ళి, శాలలో ఖాళీగా ఉన్న మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకున్నాడు.

"ఆ కషాయం నాకూ ఇంత పొయ్యి."

శిష్యుడు కంగారు పడిపోయాడు. గురువుకేదో అయిందనుకుని గబగబా గిన్నె తెచ్చి తాగించాడు. ముసలాయన ముఖం చిట్లించుకుంటూనే అంతా తాగేశాడు. ధమ్మిలుడు అలవాటు కొద్దీ తలాపున కూర్చుని ఘంటం తీశాడు.

"ఎలా ఉంది, భంతే?"

నాగబోధి ఘంటం వంక చూశాడు. శిష్యుడి ముఖం వంక చూశాడు.

"తగ్గింది."

ధమ్మిలుడు సగం గీసి ఆగాడు. "ఏం తగ్గింది, భంతే?"

"ఏమో! నాకు ఒంట్లో బాగానే ఉంది. అంత ఆశగా ఘంటం ఎత్తి పట్టుకున్నవాడికి ఇంకేం చెప్పను?" ఆయన లేచి కూర్చున్నాడు. "నీ పుణ్యమా అని ఇవాళ ఒక అబద్ధం ఆడాను. సాయంత్రం సంఘం ముందు ఒప్పుకోవాలి. ఆ ఘంటం ఇలా ఇచ్చి, అతన్నే అడుగు."

ధమ్మిలుడు ఘంటం ఇచ్చేశాడు. ఆకుల కట్ట చంకలోనే ఉండిపోయింది. ఏం తోచక వెళ్ళి విధికుడి పక్కన కూర్చున్నాడు.

విధికుడే కదిలాడు. "ఇవాళ రాయరా, అయ్యా?"

"రాయను. ఆ కషాయం నిజంగా పని చేసిందా?"

"కోప్పడరు కదా?"

"కోప్పడను."

"ఏం చెయ్యలేదయ్యా." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "చేదుకి నోరు చచ్చిపోయింది. గంజి కూడా దిగట్లేదు."

ధమ్మిలుడికి గుండెలో కలుక్కుమంది. నెల రోజుల కష్టం పోయినందుకు కాదు. నెల రోజులుగా ఈ ముసలివాడి నోటి దగ్గర గంజిని తానే చేదు చేశాడు.

"మరి తగ్గిందని ఎందుకన్నావు?"

"మొదటి రోజు తగ్గలేదన్నాగా. ఏం చేశారు? ఉరికెళ్ళి ఇంకో గిన్నె తెచ్చారు." విధికుడు నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. అది ఆగాక మెల్లగా అన్నాడు: "అయినా మొత్తం అబద్ధం కాదయ్యా. తగ్గిందంటే మీరు కూర్చుని రాస్తారు. రాస్తే... ఆకు ఊపుతారు. ఆ గాలి ఇదిగో, ఇక్కడ తగులుద్ది." ముక్కు పక్కన చెంప మీద వేలు పెట్టాడు. "ఆ కాసేపూ ఊపిరి ఆడుద్ది. పడవ ముందు కూర్చున్నట్టే ఉంటది."

ధమ్మిలుడు కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. దిగులు ఏమైందో ఏమో, మనిషి ముందుకు జరిగాడు.

"గాలికా? రెండు చెంపలకీనా, ఒకదానికేనా? దగ్గర నుంచా, దూరం నుంచా?"

"నాకేం తెలుసు. ఊపండి, చెప్తాను."

ధమ్మిలుడు చంకలోని కట్ట తీశాడు. యాభై నాలుగు జవాబులున్న ఆ కట్టని విప్పి, ఆకులన్నీ విసనకర్రలా పరిచి పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. మొదట మూర దూరం నుంచి ఊపాడు, తర్వాత జానెడు దూరం నుంచి. విధికుడు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి భుజాలు ఎగిరి పడటం నెమ్మదించింది. ధమ్మిలుడు అది చూస్తూ చెయ్యి మార్చి మళ్ళీ ఊపాడు.

వెనక అడుగుల చప్పుడైంది. నాగబోధి ఒక చేత్తో గంజి గిన్నె, ఇంకో చేత్తో ఘంటం, ఒక కొత్త ఆకూ పట్టుకుని వచ్చాడు.

"పడవ ఎల్లుండే. రాయవా?"

"చెయ్యి ఖాళీ లేదు, భంతే."

ముసలాయన గంజి గిన్నె విధికుడి పక్కన పెట్టి, కింద చతికిలపడి, ఆ ఆకు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు ఊపు. అతను చెప్పింది నేను రాస్తాను."

ధమ్మిలుడు ఊపుతూనే అడిగాడు. "విధికా, ఎలా ఉంది?"

విధికుడు కళ్ళు తెరవలేదు. తగ్గిందయ్యా అనలేదు.

"కొంచెం ఎడమకి," అన్నాడు.

నాగబోధి ఆ మాటే రాసుకున్నాడు.