ఎర్రదీపం మీద పసుపు ముద్ద

చింతగొంది అడవి నిండా ఇప్పచెట్లే. ఆ చెట్ల నడుమ కుందేళ్ళు, దుప్పులు, నెమళ్ళు, అడవిపందులు తలా ఒక చిన్న చేను చేసుకుని జొన్నలు పండించుకునేవి. అడవి మొత్తానికి ట్రాక్టర్లు రెండే. కొత్తది గంగులు అనే ఎలుగుబంటిది. పాతది సూరమ్మ అనే ముళ్ళపందిది.

గంగులు ఒంటరివాడు. ఎవరు మంచిమాట చెప్పబోయినా "నా సంగతి నాకు తెలుసు, పోవయ్యా!" అని కసిరేవాడు. పో పో అంటుంటే ఎన్నాళ్ళు వస్తారు? రావడమే మానేశారు. వండుకునేదీ ఒక్కడే, తినేదీ ఒక్కడే. మరీ మాట్లాడాలనిపిస్తే ట్రాక్టరుతో మాట్లాడేవాడు పాపం.

తొలకరి పడ్డాక మాత్రం ఓ ఐదు రోజులు అతని బతుకు మారిపోయేది. నేలలో పదను ఆరకముందే దున్నాలి కదా! "గంగులన్నా, మా చేనికి ఎప్పుడొస్తావు?" అని అందరూ వెంటపడేవారు. ఆ పిలుపు కోసమే అతను ఏడాదంతా ఎదురుచూసేవాడు.

ఆ ఏడు ఏరువాక నాడు ట్రాక్టరుకు పసుపు ముద్ద పెట్టి, కుంకుమ అద్ది, గంగులు చేలోకి దిగాడు. రెండో రోజు మధ్యాహ్నం స్టీరింగు ముందున్న మీటర్ల పక్కన ఎర్రదీపం వెలిగింది.

పక్క చేలో సూరమ్మ తన బండి ఆపుకుని, అది చల్లారాక, రేడియేటరు ముందున్న జాలీలో ఇరుక్కున్న పొట్టును ముల్లుతో మెల్లగా తీస్తోంది. గట్టు దాకా వచ్చి మలుపు తిరుగుతున్న గంగులు బండిలో దీపం ఆమె కంటబడింది.

"ఒరే గంగులూ! ఇంజను వేడెక్కుతోందిరా, ఆపు. చల్లారాక నీళ్ళు చూసుకో. జాలీ నిండా చెత్త పెట్టుకుంటే గాలి ఎట్లా ఆడుతుంది?"

"నా బండి సంగతి నాకు తెలుసులే అత్తా!"

పైకి అట్లా అన్నాడు గానీ, గంగులు భయం వేరు. గంటసేపు బండి ఆపితే అందరూ సూరమ్మ దగ్గరికి పోతారు. ఇక "గంగులన్నా" అని పిలిచేదెవరు? మళ్ళీ ఏడాది దాకా ఆ ఉలుకూ పలుకూ లేని కొంపలో పడి ఉండాలి. తలుచుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది.

దీపం వంక చూశాడు. "ఇంట్లో ఉండేది మనమిద్దరమే. నువ్వు కూడా నా మీద కళ్ళెర్రజేస్తే ఎట్లాగే?" అన్నాడు దిగులుగా. బండికి పెట్టిన పసుపు ముద్ద ఇంత గిల్లి దీపం మీద మెత్తాడు. దానికో కుంకుమ బొట్టు కూడా పెట్టాడు. చూసినవాళ్ళు "అబ్బో, ఎంత భక్తి!" అనుకున్నారు. దీపం కనబడనంత మాత్రాన వేడి తగ్గుతుందా? అదేం బుద్ధో మరి!

మూడో రోజు దుప్పి చేను సగం దున్నేసరికి ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. గంగులు కిందికి దూకి రేడియేటరు మూత తిప్పేశాడు. బుస్సుమని ఆవిరి తన్నుకొచ్చి అరచెయ్యి కాలింది. "అమ్మో!" అంటూనే వాగుకు పరుగెత్తి చన్నీళ్ళు తెచ్చి కుమ్మరించాడు. కాగిపోతున్న ఇంజనుకు చన్నీళ్ళా! టప్పుమని బీటవారింది.

"ఎంతసేపు పడుతుంది గంగులన్నా?" అని అడిగింది దుప్పి.

"ఇక నడవదమ్మా," అన్నాడు గంగులు.

దుప్పి ఎండ వంక చూసింది. "పదను ఆరిపోతోంది. ఏమీ అనుకోకు అన్నా," అని సూరమ్మ చేను వైపు నడిచింది. దాని వెనకే కుందేళ్ళు, వాటి వెనకే నెమళ్ళు, అడవిపందులు. ఒక్కరూ మిగల్లేదు.

సూరమ్మ పాత బండి అలుపు లేకుండా తిరిగింది. ఏ చేలో చూసినా "సూరమ్మత్తా" అన్న పిలుపే. ఐదో రోజు ఆమె గంగులు చేను కూడా దున్నిపెట్టింది.

"అత్తా, కాసేపు కూచో. అంబలి కాచాను," అన్నాడు గంగులు. అతను ఒకరిని కూచోమనడం అదే మొదలు.

"ఇంకా రెండు చేలున్నాయిరా, కూచుంటే కుదరదు. చేతికి తేనె రాసుకో," అని సూరమ్మ బండెక్కింది.

బండి చప్పుడు వినబడినంతసేపూ గంగులు గట్టు మీదే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్ళి, ఇద్దరి కోసం కాచిన అంబలి ఒక్కడే తాగాడు.

నీతి: హెచ్చరికను కప్పిపెడితే ముప్పు తప్పదు, మంచి చెప్పేవారిని కసిరితే చివరికి మిగిలేది ఒంటరితనమే.