బెత్తెడు సందు

అనగనగా ఒక ఊళ్ళో... ఆగండి. ముందు ఆ దిండు కింద జంతిక ముక్క ఎవరిది? నీదా అమ్మడూ? కాదా? అయితే చిన్నోడిదా? వాడిదీ కాదు. చీమలే వండుకుని తెచ్చుకున్నాయి కాబోలు.

నేను చూడలేదనుకోకండి. నువ్వు దులిపి తమ్ముడి వైపు నెట్టావు. వాడు దులిపి నీ వైపు నెట్టాడు. మధ్యలో చీమలకి పెళ్ళిభోజనం. సరే, పడుకోండి. మీ ఇద్దరికీ సరిపోయే కథే ఉంది నా దగ్గర. కథయ్యాక చీమల సంగతి చూస్తాను, మీ సంగతీ చూస్తాను.

అనగనగా ఒక ఊళ్ళో ఇద్దరు తోటికోడళ్ళు. పెద్దావిడ పేరంటాలు, చిన్నావిడ మాణిక్యం. అన్నదమ్ముల్ని చేసుకున్నారు. ఒకే పెంకుటిల్లు, ఒకే పొయ్యి.

ఒకనాడు పేరంటాలు పులుసు పెట్టింది. అందులో ఉప్పెక్కువైందంది మాణిక్యం. ఉప్పెక్కువ కాలేదు, నీ నాలుకే ఎక్కువైందంది పేరంటాలు. అంతే. పులుసు చల్లారింది గానీ వాళ్ళు చల్లారలేదు. ఇల్లు రెండు చెయ్యాల్సిందేనని కూర్చున్నారు.

మగాళ్ళిద్దరూ ఏం చేశారంటావా? ఏం చేస్తారు. అరుగు మీద కూర్చుని ఆకాశంలోకి చూశారు.

అప్పుడు అత్తగారు విత్తనపు మినుముల కాగు మూత తీసింది. ఇద్దరికీ చెరిసగం పోసింది. "మీరు విడిపోతే విడిపోండి. విత్తనం మాత్రం పోగొట్టకండి. ఇది మా అత్తగారు నాకిచ్చింది" అంది. అని, వీళ్ళ మొహాలు చూడలేక కూతురింటికి వెళ్ళిపోయింది. మంచి పని చేసింది.

ఆ తర్వాత గోడ. ఇంటి మధ్యన ఒక్క గోడ చాలు కదా? వీళ్ళకి చాలదు.

"ఆవిడ గోడకి నా మేకు కొట్టను" అంది మాణిక్యం.

"దాని గోడకి నా వీపు ఆనించను" అంది పేరంటాలు.

పెద్దావిడ తన వైపు ఒక మట్టిగోడ పెట్టించింది. చిన్నావిడ తన వైపు ఇంకో మట్టిగోడ పెట్టించింది. రెంటి మధ్యా బెత్తెడు సందు మిగిలింది. బెత్తెడంటే ఇదిగో, నా నాలుగువేళ్ళంత. ఆ సందు నాది కాదంటే నాది కాదన్నారు. దాన్ని ఎవరూ అలకలేదు, ఎవరూ పూడ్చలేదు.

మనుషులకి అక్కర్లేని చోటు ఎవరికి కావాలి? చెప్పు. ఆఁ, ఎలుకలకే.

వానలు వెనకబట్టాయి. కార్తీకం వచ్చింది. పోతూ పోతూ ఒక ముసురు పట్టి, పొలం గట్లు మునిగాయి. గట్ల బొరియల్లో ఉన్న ఎలుకలన్నీ పిల్లాపాపల్తో ఊళ్ళోకి బయల్దేరాయి. చలికి వెచ్చన కావాలి, ఆకలికి గింజ కావాలి. ప్రతి ఏడూ వస్తాయి. ప్రతి ఏడూ జనం "అయ్యో, ఇవెక్కణ్ణుంచి ఊడిపడ్డాయి" అని నోళ్ళు తెరుస్తారు. మీ అమ్మా అంతే. కిటికీ జాలీ చిరిగిందని దసరాకి ముందే చెప్పాను. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, జాలీ అలాగే ఉంది. ఉండనీ. నేను మళ్ళీ చెప్పను.

ఏమంటున్నాను? ఆఁ, మినుములు. ఆ మినుముల్ని వరి కొయ్యకముందే చేలో చల్లాలి. వరి కింద తడి ఉండగానే మొలవాలి. అదను తప్పితే ఆ ఏడు మినుములు లేవు. గారెల్లేవు, ఇడ్లీ లేదు. పై ఏటికి విత్తనమూ లేదు. అత్తగారి అత్తగారి నాటి విత్తనం అక్కడితో సరి. ఊళ్ళో ఎవరినైనా అడుగుదామంటే, ఇద్దరికీ తల వంచే అలవాటు లేదు.

ఒకరోజు పొద్దున్నే పేరంటాలు అటకెక్కి చూసింది. కాగు మూతికి కట్టిన గుడ్డ కొరికేసి ఉంది. మినుములు పావు వంతు లేవు. గోడ మొదట్లో కన్నం.

అప్పుడు పేరంటాలు గాజుపెంకులు నూరింది. బంకమట్టిలో కలిపింది. కన్నంలో కూరి, పైన అలికి, ముగ్గు కూడా పెట్టింది. ఎలుకలు చూశాయి. ఇటు మూసుకుపోతే అటు తెరుచుకున్నాయి. మర్నాటికి మాణిక్యం కాగు సగానికి దిగింది.

వాళ్ళిద్దరికీ మాటల్లేవు కదా. అందుకని పేరంటాలు పెరట్లో కోడితో మాట్లాడేది, గోడ అవతలికి వినపడేలా. "ఏమే కోడీ! కొందరిళ్ళల్లో రాత్రి అంట్లు పొద్దెక్కేదాకా అలాగే పడుంటాయిట. ఎలుకలు రాక ఏనుగులొస్తాయా?"

మాణిక్యం ఊరుకుంటుందా? దూడతో చెప్పేది. "చూశావుటే దూడా! కొందరికి వాకిట్లో ముగ్గులే గొప్ప. అటక మీద బూజు తీస్తే బుట్టెడు. తమ ఎలుకల్ని పక్కింటికి తోలేసి పతివ్రతల్లా కూర్చుంటారు."

కోడికీ దూడకీ విసుగొచ్చేసింది.

ఆ తర్వాత మాణిక్యం పిల్లిని తెచ్చింది. నల్లది, బలిసింది. అది మాణిక్యం ఇంట్లో పాలు తాగింది. గోడెక్కి దిగి పేరంటాలు ఇంట్లోనూ పాలు తాగింది. తరిమితే ఎలుకలు సందులోకి దూరేవి. బెత్తెడు సందులో పిల్లి తల పడుతుంది, పొట్ట పట్టదు. రెండుసార్లు ఇరుక్కుంది. మూడోసారి ప్రయత్నం మానేసి గోడ మీద పడుకుంది. దాని మట్టుకు దానికి బుద్ధి ఉంది.

ఇంతలో చేలో నీళ్ళు తీసేశారు. వరి కోతకొచ్చింది. ఊరంతా మినుములు చల్లుతున్నారు. ఎలుకలు అటక మీంచి దారి చేసుకున్నాయేమో, పేరంటాలు కాగులో చెయ్యి పెడితే పురుగు పట్టకుండా కలిపిన బూడిదే తగిలింది. మాణిక్యం కాగులో చెయ్యి పెడితే అడుగు తగిలింది.

పేరంటాలుకి ఒళ్ళు మండిపోయింది. కన్నం తెరిచి, మూకుట్లో నిప్పులు పోసింది. వాటి మీద ఎండుమిరపకాయలు గుప్పెట్లతో వేసి, చేటతో విసిరింది. సందులోని ఎలుకలన్నీ ఈ దెబ్బతో చావాలని. పొగ సందులోకి వెళ్ళింది. సందులోంచి మాణిక్యం వంటింట్లోకి వెళ్ళింది.

మాణిక్యం అప్పుడే అన్నం వార్చుకుంటోంది. దగ్గు, తుమ్ము, కళ్ళంట ముక్కంట నీళ్ళు. "చూశావుటే దూడా, నన్ను చంపడానికే పొగ పెట్టారే!" అని అరిచి, బిందెడు నీళ్ళు తెచ్చి తన వైపు కన్నంలో పోసింది. పొగా ఆరుతుంది, ఎలుకలూ మునుగుతాయని ఆవిడ తెలివి.

నీళ్ళు అటు తిరిగి పేరంటాలు నిప్పుల మీదికి వచ్చాయి. చుయ్‌మన్నాయి.

"కోడీ! నా నిప్పుల మీద నీళ్ళు పోస్తారుటే!" అని పేరంటాలు ఇంకో మూకుడు నిప్పులు తెచ్చింది. మాణిక్యం ఇంకో బిందె తెచ్చింది. ఈవిడ మిరపకాయలు, ఆవిడ నీళ్ళు. ఈవిడ విసరడం, ఆవిడ పొయ్యడం. మట్టిగోడ మొదట్లో నీళ్ళు పొయ్యకూడదని నాలుగేళ్ళ పిల్లకి తెలుసు. కోపంలో ఉన్నవాళ్ళకి తెలీదు.

అప్పుడు రెండు గోడలూ కడుపులో నొప్పొచ్చినట్టు మూలిగాయి. అలా ఒంగాయి. దభీమని మధ్యకి కూలాయి.

ఎలుకలు తాతలూ మనవలూ అంతా కలిసి, పిల్లి కళ్ళముందే వాకిట్లోంచి వెళ్ళిపోయాయి. అరుగు మీద మగాళ్ళిద్దరూ లేచి నిలబడ్డారు. లేచారంటేనే గొప్ప.

దుమ్ము అణిగింది. ఇటు పేరంటాలు చేటతో. అటు మాణిక్యం బిందెతో. ఇద్దరి కళ్ళూ ఎర్రగా, ఇద్దరి ముక్కులూ కారుతూ. ఇద్దరి మధ్యా, ఆ సందు ఉన్న చోట, మట్టీ పీచూ గుడ్డపీలికలూ. వాటి కింద, నల్లగా, కుప్పగా...

"మినుములు!" అంది పేరంటాలు. "నా మినుములు."

"మీ పేరు రాసుందా అక్కా?" అంది మాణిక్యం.

అని నాలిక్కరుచుకుంది. పులుసు నాటినుంచి అదే మొదటి మాట. దూడతో కాదు, కోడితో కాదు. మనిషితో.

పేరంటాలు గుప్పెడు తీసి అరచేతిలో పరిచింది. ఏవి తనవో చూద్దామని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఏం తెలుస్తుంది? ఒకే కాగులోంచి పంచిన గింజలు. ఎలుకలు మళ్ళీ ఒక్కచోట పోశాయి. గోటితో నొక్కి చూసింది. గింజ మెత్తబడింది.

"తడిపేశావు కదే! ఎల్లుండికి మురిగి కంపు కొడతాయి."

"మీరు పొగ పెట్టకపోతే నేనెందుకు పోస్తాను?"

"నీ ఎలుకలు నా ఇంట్లోకి రాకపోతే నేనెందుకు పెడతాను?"

"ఎలుకలు నావా? నేనేమైనా పుట్టింటినుంచి తెచ్చుకున్నానా?"

పేరంటాలు నోరు తెరిచింది. కాళ్ళ దగ్గర గింజలు చూసింది. నోరు మూసుకుంది. అది ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు.

"పోట్లాట ఎక్కడికీ పోదు. గింజ పోతుంది. చేట అందుకో" అంది.

మాణిక్యం చేట అందుకుంది. ఒకావిడ చెరిగింది, ఒకావిడ మట్టి ఏరింది. కొరికినవి పోగా తట్టెడు మిగిలాయి. ఎండ దిగకుండానే చేలోకి వెళ్ళారు. కలిసి వెళ్ళారనుకుంటారేమో, లేదు. ఒకరు ముందు, ఒకరు వెనక. పెద్దావిడ తన చేలో ఆ చివరనుంచి చల్లుకొచ్చింది. చిన్నావిడ తన చేలో ఈ చివరనుంచి చల్లుకొచ్చింది. మధ్యలో గట్టు దగ్గర ఎదురుపడ్డారు. తట్టలో ఇంకో గుప్పెడుంది.

నువ్వు తీసుకో అనలేదు. నేను తీసుకుంటా అనలేదు. మాణిక్యం తట్ట పట్టుకుంది. పేరంటాలు ఆ గుప్పెడూ గట్టు మీద చల్లేసింది. గట్టు ఎవరిదని ఇద్దరూ అడగలేదు.

ఆ తర్వాత ఏమైంది? మొలిచాయి. ఎందుకు మొలవవు? తట్టెడు గింజ అయినా అత్తగారి అత్తగారి నాటిది. గారెలకి చాలలేదు గానీ, విత్తనానికి చాలింది.

గోడ తీసేశారా అని అడుగుతావేం! తీసేస్తారా? తోటికోడళ్ళు! గోడ మళ్ళీ లేచింది. కానీ ఈసారి ఒక్కటే గోడ. మాణిక్యం నీళ్ళు పోసింది, పేరంటాలు మట్టి తొక్కింది. అటు మేకు ఆవిడది, ఇటు మేకు ఈవిడది. మధ్యలో చీమ దూరే సందు కూడా లేదు. పులుసు సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు. నేను తప్పనను. ఉప్పెక్కువైందో లేదో తేలాల్సిందే. పంతం పట్టండి, వద్దనను. పంతం మధ్యలో ఎలుకకి ఇల్లు కట్టకండి.

ఇప్పుడు లేవండి ఇద్దరూ. లేవమన్నానా? నువ్వా కొస పట్టుకో, చిన్నోడా నువ్వీ కొస పట్టుకో. దుప్పటి దులపండి. తమ్ముడి మీదికి కాదే, వాకిట్లోకి! ఆఁ, అలా. ఇంకోసారి. ఇంకోసారి. చూశారా, పట్టుమని పది క్షణాలు పట్టలేదు. దీనికోసం సాయంత్రం నుంచీ నా ప్రాణం తీశారు.

ఇక కళ్ళు మూసుకుని నాతో అనండి:

సందు పూడె, గోడ నిలిచె,
ఎలుక చేని దారి పట్టె,
మినుము మొలిచి గట్టు దాటె,
ముడుచుకున్న మూతి విచ్చె.
కథ కంచికి, చీమ పుట్టకి,
మీరిద్దరూ ఒక్క దుప్పట్లోకి!