దూదిపింజ ఎటు పోతది

పందెం, ఈ ముచ్చట నువ్వు నమ్మవు. నమ్మకుంటె ఏం పాయె, ఆదిలాబాద్ వచ్చి పత్తి మార్కెట్ ఎనుక మొహిద్దీన్ ఉస్తాద్ బండ్ల షెడ్డు ఏడున్నదో అడుగు. ఆడ మా దత్తు బావ ఉంటడు, వాన్నే అడుగు.

దత్తుకు ఒక్కటే కోరిక. షెడ్డుల గోడకు ఒక కొక్కెం, ఆ కొక్కేనికి ఒక జత రబ్బరు గ్లౌజులు. మోచేతుల దాక వస్తయి. హైబ్రిడ్ బండ్లల్ల నారింజ రంగు వైర్లు ఉంటయి చూడు, పెద్ద బ్యాటరీ కరెంటు పోయేటివి, అవి ముట్టాలంటె ఆ గ్లౌజులు ఉండాలె. లేకుంటె మనిషి మిగలడు. ఉస్తాద్ చేతితోని ఇస్తేనే ఏసుకోవాలె, అదీ ఆ షెడ్డు కట్టుబాటు. ఇప్పటిదాక ఒక్కనికి ఇయ్యలే.

దత్తు హైదరాబాద్‌ల ఆర్నెల్లు ట్రైనింగ్ చేసిండు, సర్టిఫికెట్ తెచ్చిండు, బండి రోగం చెప్పే స్కానర్ సొంతంగ కొనుక్కున్నడు. రెండేండ్లాయె. గ్లౌజులు ఇంక కొక్కేనికే ఉన్నయి.

మార్చిల రాధాబాయి టీచర్ బండి వచ్చింది. సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్. ఏసీ పది నిమిషాలు చల్లగ కొడుతది, ఆ తర్వాత ఎచ్చటి గాలే. ఉస్తాద్ బండిని చూసిండు, దత్తును చూసిండు, ఇది నువ్వొక్కనివే బాగుచెయ్, చేస్తె గ్లౌజులు నీయి అన్నడు. దత్తు బువ్వ తినుడు ఇడిసి బండి కాడికి ఉరికిండు.

స్కానర్ పెడితె ప్రెషర్ స్విచ్చు అని చూపెట్టింది. బొటనవేలంత ఉంటది అది. ఏసీ పైపులల్ల గ్యాస్ ఒత్తిడి హద్దు దాటితె కంప్రెసర్‌ను ఆపేస్తది, కావలి కుక్కలెక్క. దానికి వచ్చేది సన్న కరెంటే, గ్లౌజులు అక్కర్లేదు. దత్తు దాన్ని పీకి తుక్కు డబ్బల ఏసి, కొత్తది పెట్టిండు. పొద్దుగాల చల్లపూట చూస్తె ఏసీ మంచుగడ్డలెక్క కొట్టింది. టీచర్ ఖుషీగ పోయింది.

మూడు దినాలకు మళ్ల ఒర్లుకుంట వచ్చింది. మిట్టమధ్యాహ్నం స్కూల్ ముంగట నిలబెడితె ఆగిపోయిందట. సరుకు మంచిది కాదని దత్తు తిట్టుకుంట దాన్ని గూడ పీకేసి ఇంకో కొత్తది పెట్టిండు. అదీ గంతే.

ఈసారి టీచర్ ఒర్లలే. మా అత్తమ్మకు ఊపిరి సక్కగ ఆడది, ఈ దుమ్ముల అద్దాలు దింపి తీస్కపోలేను, ఎల్లుండి నాగపూర్ దవాఖానకు పోవాలె, నీతోని కాకుంటె చెప్పు తమ్మీ, ఇంకో జాగ చూస్కుంట అన్నది, మెల్లగ. ఒర్లినా బాగుండు అనిపిచ్చింది దత్తుకు.

ఇగ వాడు ఏం చేసిండంటె, స్విచ్చుకు పోయే రెండు వైర్లు ఇప్పి, దానికీ దీనికీ కలిపి చుట్టేద్దామని చూసిండు. గట్ల చేస్తె అంత మంచిగనే ఉన్నదని బండి అనుకుంటది, ఒత్తిడి ఎంత పెరిగినా కంప్రెసర్ ఆగనే ఆగది. ఉస్తాద్ కుర్చీల కండ్లు మూసుకొని ఉన్నడు. పండిండు అనుకున్నడు దత్తు.

"బేటా," అన్నడు ఉస్తాద్, కండ్లు తెరవకుంటనే. "వైర్లు ఎట్లున్నయో అట్ల పెట్టు. ఏసీ చాలు చేసి బండి ముంగట కూసో."

"కూసోని ఏం చెయ్యాలె ఉస్తాద్?"

"ఏం చెయ్యకు."

దత్తుకు తిక్క లేసింది. సర్టిఫికెట్ ఉన్నోన్ని కట్టేసిన మేకలెక్క కూసోమంటడేంది అని. ఐనా స్టూలు ఏసుకొని కూసున్నడు.

హైబ్రిడ్ బండి చాలు చేసినా ఇంజను సప్పుడు ఉండది. కండ్లు తెరిచి నిద్రపోతున్నట్టు ఉంటది. బానెట్ లోపల గాలి గుంజే ఫ్యాను ఒక్కటే గుయ్యిమంటుంది. ఎండకు రేకులు టిక్కుటిక్కు అంటున్నయి. మార్కెట్‌ల ఆఖరి పత్తి దించుతుండ్రు, దూది లేసి గాలిల తేలుకుంట వస్తుంది. మా ఊర్లె దసరా ఎల్లంగనే షురువైతది అది. చాయ్‌ల పడితె ఏలుతోని తీసి తాగుతం గని, దాని దిక్కు ఎవలం చూడం. దత్తు గూడ చూడలే. వాని కండ్లు బరువైనయి. షెడ్డు మొత్తం నీళ్లల్ల మునిగినట్టు, పింజలు తెల్ల చేపపిల్లలై మెల్లగ ఈదుకుంట పోతున్నట్టు, తనే ఏ నది అడుగునో కూసున్నట్టు.

ఎప్పుడొచ్చిండో, ఉస్తాద్ పక్కన నిలబడి ఉన్నడు. గాలిల చెయ్యి ఆడిచ్చి ఒక పింజను పట్టిండు. ఆ పక్కన ఎవలిదో పాత జీపు ఇంజను చాలు చేసి ఉంది. దాని ముంగట పింజను ఇడిసిండు. సర్రున పోయి జీపు జాలీకి అతుక్కుంది.

ఇంకో పింజ పట్టిండు. టీచర్ బండి ముంగట ఇడిసిండు.

అది ఆడనే ఆగింది. ఎటు పోవాలె అని ఆలోచన చేసినట్టు. తర్వాత తిరుక్కుంట, తిరుక్కుంట, కిందికి దిగి దత్తు మోకాలు మీద కూసుంది.

ఉస్తాద్ పోయి మళ్ల కుర్చీల కూసున్నడు.

దత్తు ఆ పింజను శానసేపు చూసిండు. ఫ్యాను గుయ్యిమంటనే ఉంది. మరి గాలి ఏది? ముంగట ఉన్న కండెన్సర్‌ను, ఏసీ గ్యాస్‌ను చల్లార్చే జాలీని, స్విచ్చు మార్చినప్పుడే పైపుతోని కడిగిండు, అద్దంలెక్క ఉంది. బండి బంద్ చేసి, బంపర్ ఇప్పి, కండెన్సర్‌ను జర ముంగటికి గుంజి, దాని ఎనుక టార్చి కొట్టిండు.

కండెన్సర్‌కు, ఎనుక రేడియేటర్‌కు నడుమ దూది. ఎన్నేండ్లదో, మట్టి కలిసి పరుపులెక్క దిమ్మ కట్టింది. గాలి దూరే సందు లేదు. ఎండల గ్యాస్ కాగి ఒత్తిడి పెరుగుతుంది, స్విచ్చు ఆపేస్తుంది.

పొద్దు గూకేదాక వేళ్లతోని పీకిండు. బకెటు నిండింది. తెల్లారి మిట్టమధ్యాహ్నం బండిని ఎండల గంటసేపు నిలబెట్టిండు. ఏసీ ఒక్కసారి ఆగలే. టీచర్ అత్తమ్మను ఎనుక సీట్ల కూసోబెట్టి, అద్దాలు ఎక్కిచ్చుకొని పోయింది.

అప్పుడు దత్తు తుక్కు డబ్బ కాడికి పోయిండు. పీకి పారేసిన స్విచ్చులు రెండూ ఎతికి, అంగీ కొసకు తుడిసి, ఉస్తాద్ ముంగట పెట్టిండు.

"మంచిగనే ఉన్నయి ఉస్తాద్."

"రెండుసార్లు నిజం చెప్పినయి," అన్నడు ఉస్తాద్. "రెండుసార్లు పీకి పారేసినవ్."

దత్తు కొక్కెం దిక్కు చూడలే. ఇగ అయిపాయె అనుకొని, చీపురు తీసుకొని దూది ఊడుసుడు పెట్టిండు.

చేతులకెల్లి చీపురు ఎవలో తీస్కున్నట్టైంది. చూస్తె ఉస్తాద్. ఇంకో చేతిల గ్లౌజులు. దత్తు చేతిల పెట్టిండు. దత్తు గబగబ ఏసుకోబోతుంటె మణికట్టు పట్టుకున్నడు.

"ముందుగాల గాలి నింపి మూతి ముడువు. చెవి కాడ పెట్టుకో. చిల్లుంటె అదే చెప్తది."

దత్తు గాలి నింపిండు. మూతి ముడిసిండు. కండ్లు మూసుకొని చెవి కాడ పెట్టుకున్నడు. షెడ్డుల ఏం సప్పుడు లేదు, దూది తేలుతుంది, అప్పుడు వానికి ఏం ఇనపడ్డదంటె— ఆగు, మా అమ్మ పిలుస్తుంది. పోతున్న.